హుస్సేనమ్మ తిరిగిచ్చిన గిన్నె

వెలిగొండలో ఓడ వచ్చే రోజును పండగ అనాలో తద్దినం అనాలో ఎవరికీ తెలిసేది కాదు. పొద్దున్నే ఆడవాళ్లు వంటింట్లోని పచ్చతొట్టి కడిగి, దాని ముందు ముగ్గేసి, గుమ్మంలో నిలబడేవాళ్లు. మగవాళ్లు గనిపని మానుకుని, ఉన్నవాటిలోకెల్లా మాసిన చొక్కా వేసుకుని వరసలో నిలబడేవాళ్లు. మంచి చొక్కా వేసుకుంటే సుంకం అధికారి కంట్లో పడతామని వాళ్ల భయం.

అంగారకుడి మీద ఆ ఊరు పుట్టి మూడు తరాలైంది. పలకల గనుల్లో పనిచేసిన చేతులకు రాయి తొలచడం బాగా వచ్చని, భూమండలి వాళ్లు మార్కాపురం చుట్టుపక్కల నుంచి తాతలను ఓడలెక్కించి తెచ్చారు. తాతలు రాయి తొలిచి, ఆ రాతి కడుపులోనే ఇళ్లు చేసుకుని, వదిలివచ్చిన కొండ పేరే ఊరికి పెట్టుకున్నారు. బయట పీల్చే గాలి లేదు. అందుకని ఇంటింటికీ ఒక తొట్టి, తొట్టి మీద ఆరని దీపం, తొట్టినిండా పచ్చటి నాచు. ఆ నాచు ఇచ్చే ఊపిరితోనే ఇంట్లో మనుషులు బతకాలి.

పాలల్లో తోడు వేస్తే పెరుగైనట్టు, తొట్టి నీళ్లలో కాస్త పచ్చతోడు వేస్తే తొట్టంతా పచ్చబడుతుంది. ఆ తోడు మాత్రం మండలి దగ్గరే కొనాలి. ముద్రవేసిన డబ్బాలో వస్తుంది. గడువు దాటగానే తొట్టిలో నాచు దానంతటదే చచ్చి మట్టిరంగుకు తిరుగుతుంది. మళ్లీ ఓడ, మళ్లీ డబ్బా, మళ్లీ సుంకం. ఒకింటి పచ్చ తీసి ఇంకో ఇంటి తొట్టిలో వేస్తే నేరం. గనిలో తీసిన లోహం మండలికి కాక పక్క ఊరికి అమ్మితే అదీ నేరమే. ధర వాళ్లే చెబుతారు, తూకం వాళ్లే వేస్తారు, తూకంలో తేడా వస్తే తప్పు మాత్రం వెలిగొండది.

వెంగమాంబ మొగుడు పిచ్చయ్య పోయింది ఈ నేరం కిందే. పక్కింటి హుస్సేనమ్మ తొట్టి గడువుకు ముందే చచ్చింది. ఇంట్లో పిల్లలు నోళ్లు తెరుచుకుని ఎగపోస్తుంటే చూడలేక, పిచ్చయ్య తన తొట్టిలోంచి చెంబుడు పచ్చ తీసుకెళ్లి పోశాడు. ఆ నెల పరీక్షలో రెండు తొట్లలో ఒకే నాచు ఉన్నట్టు తేలింది. శిక్ష కింద అతన్ని బయటి గనికి పంపారు. వెళ్లినవాడు నడిచి రాలేదు, నలుగురు మోసుకొచ్చారు.

ఆ నీళ్లు పరీక్షించింది వెంగమాంబే. ఆమె ఉద్యోగం మండలి పరీక్షాలయంలో. సీసాల మీద ఇళ్ల పేర్లుండవు. రెండు సీసాలూ ఒకటేనని తేల్చి, పైకి చెప్పి, చేతులు కడుక్కుని ఇంటికొచ్చి అన్నం తింది. ఎవరి సీసాలో తెలిసేసరికి పిచ్చయ్య బయటి గనిలో ఉన్నాడు. అత్తగారు ఓబులమ్మ ఆ సంగతి గురించి ఆనాటి నుంచి ఈనాటి దాకా ఒక్క మాట అడగలేదు. అడిగి నాలుగు తిట్టినా బాగుండేదని వెంగమాంబకు చాలాసార్లు అనిపించింది.

ఆ యేడు ఓడ దిగిన సుంకం అధికారి విశ్వంభర కొత్త కట్టడి చదివాడు. మనిషి నెమ్మదస్తుడు. గొంతు పెంచడు, ఎవరినీ కసరడు.

"ఇకమీదట అప్పుడే పుట్టిన శిశువులకు కూడా ఊపిరి సుంకం వర్తిస్తుంది. మొదటి ఏడుపు నుంచే లెక్క."

వరసలో హుస్సేనమ్మ ఉంది. ఆమె కోడలు అప్పుడే నెల తప్పింది.

"ఏడవకండా పుడితే మాఫీనా అయ్యా?" అంది.

జనం నవ్వారు. విశ్వంభర కూడా నవ్వాడు. ఊరికి ఒళ్లు మండింది అతని కట్టడికి కాదు, ఆ నవ్వుకే. ఆ సాయంత్రం వెలిగొండలో ఏ ఇంటి పొయ్యి దగ్గర విన్నా అదే మాట. కడుపులో బిడ్డ మీద కూడా పన్నేసి పళ్లికిలించిపోయాడు, చూశారా అని.

మండలి పరీక్షాలయంలో దొంగతోడు పట్టుకోవడానికి కావలసిన పరికరాలన్నీ ఉన్నాయి. వాటితోనే వెంగమాంబ దొంగతోడు తయారు చేయడం మొదలుపెట్టింది. పట్టుకునే పని చేతనైనందువల్లే చేసే పనీ చేతనైంది.

నాచుకణం లోపల మండలి వాళ్లు వేసిన ఒక ముడి ఉంటుంది. కణం రెండుగా చీలినప్పుడల్లా ఆ ముడి ఒక పేట వదులవుతుంది. పూర్తిగా ఊడిపోయిన రోజున కణం చచ్చిపోతుంది. ఇదే గడువు. వెంగమాంబ రెండు దారులు పట్టింది. మొదటిది, ముడి వదులైనప్పుడల్లా మళ్లీ బిగించే చుక్కల మందు. రెండోది, ముడిని మొత్తంగా కత్తిరించి పారేయడం.

రెండు నాచుల్నీ రెండు గాజుబుడ్ల కింద పెట్టి, పక్కనే చెరొక నూనెదీపం వెలిగించి, గాలి చొరకుండా మూసింది. లోపలున్న గాలిని దీపం తినేస్తుంది. నాచు కొత్తగాలి ఇస్తేనే వెలుగుతుంది, లేకపోతే ఆరిపోతుంది. గడువు తేదీ వచ్చింది, పోయింది. పోలిక కోసం మండలి నాచు పెట్టిన మూడో బుడ్డి కింద దీపం ఆరి పొగ వచ్చింది. ఆమె చేతి నాచులున్న రెండు దీపాలూ నిలకడగా వెలుగుతున్నాయి. వెంగమాంబ బల్ల మీద తలపెట్టుకుని ఏడ్చింది. మొగుడు పోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదు.

ఈ సంగతి మొదట తెలిసింది మరిది మాలకొండయ్యకు. అన్న పోయినప్పటి నుంచి అతను గనివాళ్లను కూడగడుతున్నాడు. మనిషికి మాట తొందర, అడుగు అంతకంటే తొందర. వంటింట్లో పీట మీద కూచుని, వదిన చెప్పిందంతా విని, మోకాలు చరిచాడు.

"వదినా, ఆ చుక్కల మందు ఊరంతటికీ సరిపోద్దా?"

"యాడ సరిపోద్ది? అది చెయ్యాలంటే నా ప్రాణం తోకకొస్తంది. ఒక్క చిన్నతొట్టికైతే నెట్టుకురాగలను."

"మరి ముడి కత్తిరించిందో?"

"దాన్ని చెంబుతో పోసుకుంటా పోవచ్చు, ఎన్నిళ్లకైనా. కానీ కొండయ్యా, నాకు ఇంకా టైము కావాల. ఆ ముడి వాళ్లు సుంకం కోసమే ఏశారో, దానికి ఇంకేదన్నా పనుందో నాకింకా తెలవలా."

"సుంకం కోసం గాక ఇంకెందుకేస్తారు వదినా? మన మీద ప్రేమ కారిపోయా?"

"ఒక్క యేడు ఆగు. చూద్దాం."

"యేడాగితే హుస్సేనమ్మక్క మనవడో మనవరాలో పుట్టి సుంకం కడతా ఉంటారు." అతను పీట మీంచి లేచాడు. "మా అన్న చెంబుడు పచ్చ పోసినందుకు పోయాడు వదినా. చెంబుడు."

ఆ సీసాలు ఒకటేనని చెప్పిన నోటితో ఇంకా ఆగమనడం వెంగమాంబ వల్ల కాలేదు. చివరికి ఒక్క షరతు మీద ఒప్పుకుంది. ఊరంతా ముడిలేని పచ్చ వేసుకుంటుంది. ఒక్క చిన్నతొట్టిలో మాత్రం చుక్కల మందుతో నడిచే పాత పచ్చ, దేనితోనూ కలవకుండా విడిగా ఉంటుంది. కొత్తదానికి ఏదైనా తెగులొస్తే, ఆ చిన్నతొట్టి తోడుతో ఊరంతా మళ్లీ పచ్చ వేసుకోవచ్చు.

పరీక్షాలయంలో పెడితే మండలి కాపలావాళ్ల కంట పడుతుంది. కాబట్టి చిన్నతొట్టి ఓబులమ్మ వంటింట్లో, పెద్దతొట్టి పక్కకు చేరింది. వెంగమాంబ అత్తగారిని కూచోబెట్టి చెప్పింది.

"అత్తా, ఈ చిన్నదాంట్లోంచి ఒక్క చుక్క కూడా ఎవురికీ ఇయ్యమాక. హుస్సేనమ్మక్క అడిగినా సరే, దేవుడే దిగొచ్చి అడిగినా సరే."

ఓబులమ్మ మొహం చిన్నబోయింది. "ఇంట్లో తోడు పెట్టుకుని లేదని ఎట్టా అంటానే? నా నోరెట్టా తిరుగుద్ది?"

"పెద్దతొట్టిలోంచి ఇయ్యి, నీ ఇష్టమొచ్చినంత. ఇది మాత్రం ముట్టుకోవద్దు."

"సరేలే. మా పిచ్చిగాడి మీద ఆన. ఇయ్యను."

ఓబులమ్మ కొడుకు మీద ఒట్టేసిందంటే ఇక తిరుగు లేదు. వెంగమాంబ నిశ్చింతగా పడుకుంది.

తర్వాతి ఓడకు వెలిగొండ మంచి చొక్కాలు వేసుకుని నిలబడింది. పెట్టెల్లోంచి తీసిన పెళ్లిబట్టల మడతలు ఇంకా విడలేదు. డబ్బాలు దించారు. విశ్వంభర ఎప్పటిలాగే బల్ల వేయించుకుని కూచున్నాడు. మాలకొండయ్య ముందుకు వచ్చి మొదటి డబ్బా ఎత్తి, బయటి తలుపు గదిలోకి విసిరాడు. ఆ వెనక హుస్సేనమ్మ, ఆ వెనక గనివాళ్లు, ముసలివాళ్లు, చంకన పిల్లలున్న తల్లులు. డబ్బాలన్నీ గదిలో గుట్టపడ్డాక లోపలి తలుపు మూసి, బయటి తలుపు తెరిచారు. గాలి బుస్సున లాగేసి డబ్బాలను ఎర్రమట్టి మీద వెదజల్లింది. మూతలు లేచి, తోడంతా క్షణంలో గడ్డకట్టింది.

జనం కేకలకు రాతికప్పు నుంచి దుమ్ము రాలింది. కాపలావాళ్లు తుపాకులు పట్టుకుని విశ్వంభర మొహం వంక చూశారు. అతను చెయ్యి అడ్డంగా ఊపాడు.

"మీరే తయారు చేసుకున్నారన్నమాట. సంతోషం," అన్నాడు వెంగమాంబ వైపు తిరిగి. "ముడి తీసేశారా?"

ఆమె ఔనన్నట్టు తలెత్తి చూసింది. అతను తలూపి, బల్ల మడిపించుకుని, మనుషుల్నందరినీ తీసుకుని ఓడ ఎక్కి వెళ్లిపోయాడు. ఇంత తేలిగ్గా పోతాడని ఎవరూ అనుకోలేదు. గెలిచిన సంబరంలో ఆ తేలిక ఎవరికీ అనుమానంగా తోచలేదు. వెంగమాంబకు తోచింది కానీ, మాలకొండయ్యను జనం భుజాల మీద ఎక్కించుకుని తిప్పుతుంటే నోరు రాలేదు.

తర్వాత వచ్చిన రోజులు వెలిగొండ అంతకుముందు చూడనివి. గనిలోహం పక్క ఊరికి అమ్మి, వాళ్ల దగ్గర చింతపండు, బట్టలు తెచ్చుకున్నారు. పక్క ఊరివాళ్లు పచ్చ అడిగితే చెంబులు చెంబులుగా ఇచ్చారు. పెద్దతొట్లు పొంగిపొర్లుతుండేవి. ఒకరికొకరు పచ్చ ఇచ్చుకోవడమే మర్యాదైంది. పిచ్చయ్య ఏ పనికి ప్రాణం పోగొట్టుకున్నాడో అదే పని ఊరంతా పట్టపగలు, నలుగురూ చూస్తుండగా చేస్తోంది. కూర పంపిన గిన్నె తిరిగివ్వాలంటే వెలిగొండలో ఎవరూ ఖాళీగా ఇవ్వరు. ఖాళీ గిన్నె తిరిగివ్వడం ఆ ఇంటికి కీడు కోరినట్టే. ఇదివరకు చిటికెడు ఉప్పో పంచదారో వేసి ఇచ్చేవాళ్లు. ఇప్పుడు గరిటెడు పచ్చ వేసి ఇస్తున్నారు.

హుస్సేనమ్మకు మనవరాలు పుట్టింది. మస్తానమ్మ అని పేరు పెట్టారు. సుంకం లేని మొదటి ఏడుపు వినడానికి వీధివీధంతా గుమ్మం ముందు చేరింది. అది ఏడుస్తుంటే జనం చప్పట్లు కొట్టారు. మాలకొండయ్య కళ్లు తుడుచుకున్నాడు. ఓబులమ్మ దాచుకున్న శొంఠి, బెల్లం తీసి, బాలింతకు కాయం ఉండలు చేసి ఇత్తడి గిన్నెలో పంపింది. మర్నాడు హుస్సేనమ్మ గిన్నె తోమి తళతళలాడించి, దాన్నిండా పచ్చ పోసి తెచ్చి ఇచ్చింది.

"మా మస్తాని పేరు మీద అత్తా ఇది. ఏసుకో."

ఆ పూట వెంగమాంబ ఇంట్లో లేదు.

తేడాను మొదట పట్టించింది మస్తానమ్మే. పాలు తాగుతూ తాగుతూ వదిలేసి ఎగపోసేది. జలుబన్నారు, దిష్టన్నారు. ఒకనాడు వెంగమాంబ చూడబోయింది. ఆ ఇంట్లో గూటిలో దీపం నూనె నిండుగా ఉన్నా వత్తి చివర ముడుచుకుపోయి వెలుగుతోంది. బిడ్డను చూసే నెపంతో తొట్టి నీళ్లు సీసాలో పట్టుకుని పరీక్షాలయానికి నడిచింది.

బుడ్డి కింద పెట్టి దీపం వెలిగించింది. కాసేపటికి దీపం కుంగి ఆరిపోయింది. వీధిలో ఇంకో ఇంటి నీళ్లు తెచ్చింది. అదీ అంతే. పచ్చ చూడటానికి నిగనిగలాడుతోంది, చచ్చినట్టే లేదు. వెలుతురులో గాలి ఇవ్వాల్సింది పోయి, వెలుతురులోనే గాలి తింటోంది.

అప్పుడు అర్థమైంది ముడి ఎందుకుందో. చీలిచీలి అరిగిపోయిన కణాలను ముడి చంపేసేది. చావు లేకుండా చేసేసరికి ఆ అరిగిపోయినవి కూడా బతికిపోయాయి. పని చేయవు, తింటాయి, పిల్లల్ని పెడతాయి. మండలి ఆ ముడి మీద సుంకం వేసుకుంది నిజమే, కానీ ముడి పని మాత్రం సుంకం కాదు. ఒక్క యేడు చేతిలో ఉండి ఉంటే ఈ బల్ల మీదే తెలిసిపోయేది.

అయినా ఆమె బెంబేలు పడలేదు. చిన్నతొట్టి ఉంది. దాని ముడి భద్రంగా ఉంది, వేళ తప్పకుండా చుక్కలు తనే వేస్తోంది. అరిగిన కణంలో ముడికి ఆ చుక్కలు పట్టవు, అది చచ్చిపోతుంది. ఆ తోడుతో ఊరంతా మళ్లీ వేసుకుంటే గడువు వరకూ ఊపిరి దొరుకుతుంది. ఆలోగా ఇంకో దారి వెతకొచ్చు. పరుగులాంటి నడకతో ఇంటికొచ్చి, చిన్నతొట్టి నీళ్లు గాజుబుడ్డిలో పోసి, వంటింటి గట్టు మీదే దీపం వెలిగించి మూసింది.

ఓబులమ్మ పక్కనే కూచుని చింతపండు గింజలు తీస్తోంది. కోడలు చూస్తున్నదే తనూ చూసింది. దీపం మొదట నిటారుగా నిలబడింది. తర్వాత పక్కకు వాలింది. తర్వాత నీలంగా ఒక చుక్కయి, పోయింది.

"అత్తా, దీంట్లోంచి ఎవురికన్నా ఇచ్చావా?"

"అమ్మాయ్, పిచ్చిగాడి మీద ఆనేశా గదే! చుక్క ఇయ్యలా. ముట్టుకోనియ్యలా కూడా."

"మరి ఇట్టా ఎందుకయింది?"

"ఇయ్యలా అంటన్నాగా," అంది ఓబులమ్మ రోషంగా. ఆ తర్వాత కాస్త గర్వంగా చెప్పింది. "ఇంకా నేనే పోశా దాంట్లో. మస్తాని పుట్టినప్పుడు హుస్సేనమ్మ గిన్నెనిండా పచ్చ తెచ్చె. పెద్దతొట్టి పొర్లిపోతా ఉండె. ఊపిరిని నేలమీద పారబోస్తామా ఎక్కడన్నా? నీ చిన్నతొట్టి ఎలితిగా ఉంటే దాంట్లో పోశా."

వెంగమాంబ గట్టు పట్టుకుని నిలబడింది. ఇవ్వొద్దని చెప్పింది. దేవుడు దిగొచ్చినా ఇవ్వొద్దంది. పుచ్చుకోవద్దని చెప్పాలని మాత్రం తోచలేదు. ఈ ఊరిలో పుట్టి, ఈ ఇంటికి కోడలై, గిన్నె ఎప్పుడూ ఖాళీగా తిరిగిరాదని తెలిసి కూడా తోచలేదు.

ఓబులమ్మ చేతిలో చింతపండు అలాగే ఉంది. ఆరిపోయిన దీపం వంక, కోడలి మొహం వంక మార్చి మార్చి చూసింది.

"నా వల్లనేనంటావా?"

"కాదత్తా. నేనేసిన చుక్కలే పని చెయ్యలా."

ముసలామె చింతపండు పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది. "ఆ సీసా సంగతి నేను నిన్ను ఎన్నడూ అడగలా. ఈ గిన్నె సంగతి నువ్వూ నాకు అబద్ధం చెప్పమాక."

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. పిచ్చయ్య పోయాక వాళ్లు కలిసి ఏడవడం అదే మొదలు.

ఆ తర్వాత చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. పక్క ఊరిని అడిగితే వాళ్లదీ అదే గతి. వాళ్ల తొట్లలో ఉన్నది వెలిగొండ ఇచ్చిన పచ్చే. గనిపని ఆపేశారు. మాట్లాడటం తగ్గించారు. పిల్లల్ని ఆడుకోవద్దని కూచోబెట్టారు. ముసలివాళ్లు ఒక్కొక్కరే, ఊపిరి మిగులుతుందని, తలుపు గది వైపు నడిచిపోతుంటే పట్టుకుని వెనక్కి లాక్కొచ్చారు. చేతికి అందనివాళ్లు పోయారు.

మాలకొండయ్య ఓడకు కబురు పంపడానికి యంత్రం ముందు కూచున్నాడు. వదిన వంక చూశాడు.

"ఆ రోజు నువ్వు యేడాగమన్నావు వదినా."

"ఇప్పుడెందుకులే కొండయ్యా. పిలువు."

ఓడ భూమి నుంచి రావాలని, నెలలు పడుతుందని అందరూ గుండెలు బాదుకుంటున్నారు. పిలవగానే జవాబొచ్చింది. అది భూమికి పోనేలేదు. అంగారకుడి చిన్న చందమామ చాటున ఆగి, అప్పటి నుంచీ అక్కడే ఉంది. అయితే దిగడానికి ముందు షరతులు తేలాలన్నాడు విశ్వంభర, అదే నెమ్మదైన గొంతుతో. షరతుల మీద బేరం సాగుతుండగానే మస్తానమ్మ పోయింది. పోయేముందు ఏడవలేదు. ఏడవడానికి చాలినంత గాలి లేదు.

షరతులన్నిటికీ ఒప్పుకున్నారు. ఇళ్లల్లో తొట్లు ఉండవు. మండలి గాలిశాల ఒక్కటే ఉంటుంది. అక్కడి నుంచి ఇంటింటికీ గొట్టం, గొట్టానికి తాళం. తాళంచెవి అధికారి దగ్గర. మాలకొండయ్యను, తోడు తయారుచేసిన మనిషిని మండలికి అప్పగించాలి.

కాపలావాళ్లు ఇల్లిల్లూ తిరిగి తొట్లు పగలగొడుతుంటే విశ్వంభర ఓబులమ్మ వంటింట్లోకి కూడా వచ్చాడు. చిన్నతొట్టిని చూసి, వంగి వాసన చూసి, మెచ్చుకోలుగా తలూపాడు.

"ముడి బిగించే మందు కూడా కనిపెట్టారే! మా వాళ్లకే కుదరలేదు."

"ముడి తీస్తే ఏమవుద్దో మీకు తెలుసా?" అడిగింది వెంగమాంబ.

"తెలుసు."

"చెప్పలేదే?"

"చెబితే మీరు నమ్మేవారా?" అతను నిజంగానే జవాబు కోసం ఆగాడు. "సుంకం కోసం భయపెడుతున్నామని అనేవారు. మీరే ఆలోచించండి, తప్పంటారా? అందుకే ఆ రోజు మా కాపలావాళ్లను కూడా ఆపాను. ఒక ఊరు ఒకసారి ఇది చేసి చూస్తే, మిగతా ఊళ్లకు మేము ఏమీ చెప్పక్కర్లేదు."

చిన్నతొట్టిని అతను పగలగొట్టించలేదు. జాగ్రత్తగా ఓడలోకి ఎత్తించాడు. ఆ మందు కూడా ఇకనుంచి మండలిదే.

వెంగమాంబను తీసుకుపోయే పూట వీధిలో మనుషులు గుమ్మాల్లో నిలబడ్డారు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ దండం పెట్టలేదు. గోడల్లోంచి కొత్త గొట్టాలు బుసబుసమని చప్పుడు చేస్తున్నాయి. మాలకొండయ్యను అప్పటికే ఎక్కించేశారు. ఓబులమ్మ గుమ్మంలో కూచుని ఉంది. వెనక వంటింట్లో తొట్లుండిన చోట నేల తెల్లగా, గుండ్రంగా కనబడుతోంది.

హుస్సేనమ్మ తన ఇంట్లోంచి వచ్చింది. చేతిలో ఇత్తడి గిన్నె. మస్తానమ్మ పోయిన మూడో రోజున ఓబులమ్మ అందులో కాస్త జావ కాచి పంపింది. వాళ్లింట్లో పొయ్యి వెలగలేదని తెలిసి పంపింది. హుస్సేనమ్మ గిన్నెను ఎప్పటిలాగే తోమింది. అది తళతళలాడుతోంది.

వెంగమాంబ కాపలావాడిని ఒక్క క్షణం ఆగమంది.

హుస్సేనమ్మ గిన్నె చాచింది. అందులో పచ్చ లేదు. ఉప్పు లేదు, పంచదార లేదు. ఓడ వాళ్లు పంచిన తిండి కొలిచి ఇచ్చింది, మిగల్చడానికి లేదు. ఆమె తల దించుకుంది.

"అత్తా, ఏమీ లేదే ఏసి ఇయ్యడానికి."

ఓబులమ్మ లేచి రెండు చేతులా గిన్నె అందుకుంది. లోపలికి చూసింది. కొంగుతో తుడిచింది, అప్పటికే శుభ్రంగా ఉన్నా మళ్లీ తుడిచింది.

"ఏమీ ఏయకపోవడమే మంచిదిలే తల్లీ," అంది.

వంటింట్లోకి వెళ్లి గిన్నెను అరమీద బోర్లించింది. అప్పటికి వెంగమాంబ వీధి మలుపు తిరిగింది.